మంగళవారం బస్సు

పట్నం
జనవరి 1974

అక్కయ్యకి జగన్నాథం నమస్కారాలు.

నువ్వు పంపిన ఉసిరికాయ పచ్చడి భద్రంగా చేరింది. ప్రమీల రెండు పూటలా అదే కలుపుకుంటోంది. మూడో నెల నడుస్తోంది. పోయినసారిలా, అంతకు ముందుసారిలా కాకూడదని డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నేను ఆఫీసు నించి రాగానే ముందు దాని మొహం చూస్తున్నాను, తరవాతే చెప్పులు విప్పుతున్నాను.

ఇక అసలు సంగతి. నా పథకానికి మునిసిపాలిటీ ఒప్పుకుంది. "టౌన్ ప్లానింగ్ అంటే ఏం చేస్తావురా, గోడలు కట్టిస్తావా, పడగొట్టిస్తావా" అని అడుగుతుంటావుగా. ఇన్నాళ్ళకి నీకు చెప్పుకోదగ్గ జవాబు దొరికింది. మా కోట బజారు నువ్వు చూశావు. బట్టల కొట్లు, బంగారం కొట్లు, పెద్దాసుపత్రి అన్నీ ఆ ఇరుకు వీధిలోనే. రెండు కార్లు ఎదురుపడితే నడిచే మనిషి గోడకి అంటుకుపోవాలి. కిందటి దసరా ముందు ఓ పెద్దాయన కాలు కారు కింద నలిగిపోయింది. ఇక మీదట పగటిపూట ఆ బజారులోకి కారు గాని, టాక్సీ గాని రాకూడదు. ఊరి బయట మూతబడ్డ పత్తి మిల్లు స్థలంలో కార్ల స్టాండు కడుతున్నాం. కారు అక్కడ వదిలి, మేం వేసే బస్సెక్కి బజారుకి రావాలి. పని చూసుకుని మళ్ళీ అదే బస్సులో వెళ్ళి కారెక్కాలి. పెట్రోలు ధర ఒక్కసారిగా ఆకాశానికి పోవడంతో పైవాళ్ళు నా మాట విన్నారు. లేకపోతే ఆ కాగితం ఇంకా బీరువాలోనే ఉండేది.

ఖాదర్‌బాషా అన్నతో చెప్పు, ఆయన టాక్సీ కూడా స్టాండులోనే ఆగాలని. నన్ను తిట్టుకోవద్దను.

నువ్విప్పుడే రావద్దు. వస్తే ఊరుకోవు, పనంతా నెత్తిన వేసుకుంటావు. పురుడయ్యాక వద్దువుగాని. అప్పుడు నిన్ను నా బస్సులో కూర్చోబెట్టి ఊరంతా చూపిస్తాను.

నీ తమ్ముడు
జగన్నాథరావు


తిరువూరు
ఫిబ్రవరి 1974

చిరంజీవి జగన్నాథాన్ని అక్క సీతారావమ్మ దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చేసరికి ఖాదర్‌బాషా అరుగు మీదే ఉన్నాడు. చదివి వినిపించాను. "చూశారా అమ్మగారూ, చిన్నప్పుడు నా కారు వెనకాల పరిగెత్తిన తమ్ముడు, ఇవాళ నా కారునే ఊరి బయట నిలబెట్టేస్తున్నాడు" అని నవ్వాడు. కాసేపుండి, "తిట్టుకోనులెండి. కోట బజారులో కారు వెనక్కి తిప్పాలంటే నాకు చెమటలు పట్టేవి" అన్నాడు. కాబట్టి నీకు ఆ భయం అక్కర్లేదు.

రెడ్డిగూడెం మామిడితోటలో పూత బాగా వచ్చింది. మంచుకి కొంత మాడింది. మీ బావ ఉన్నప్పుడు కొమ్మ కొమ్మా తడిమి చూసేవారు. నాకంత ఓపిక లేదు, గట్టు మీద కూర్చుని చూసి వస్తున్నాను.

ఒకటి రెండు అడుగుతాను, చాదస్తం అనుకోకు. మీ బస్సు మెట్టు బాగా ఎత్తా? స్టాండులో ఎండ తగలకుండా కూర్చోడానికేమైనా వేశారా? పెద్దాసుపత్రి గుమ్మం ముందే ఆగుతుందా, ఎక్కడో దింపి నడవమంటారా? ఎ.కొండూరు నించీ పెనుగొలను నించీ మన వైపు జనం జబ్బులకి అక్కడికే కదా వస్తారు. కార్లున్న షావుకార్లే కాదు, అద్దె కారులో రోగిని పడుకోబెట్టుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. నువ్వు గీసే ప్లాను బొమ్మలో వాళ్ళకీ చోటుంచు.

ప్రమీలని ఎడం పక్కకి తిరిగి పడుకోమను. నేను రానులే. నువ్వు వద్దన్నావని కాదు, నాకూ ఇక్కడ పనులున్నాయి.

అక్క
సీతారావమ్మ


పట్నం
ఏప్రిల్ 1974

అక్కయ్యకి,

జవాబు ఆలస్యమైంది. నువ్వడిగినవన్నీ చేయించాను. స్టాండులో రేకుల పందిరి, దాని కింద సిమెంటు బెంచీలు వేయించాను. బస్సు మెట్టు కింద ఇంకో చెక్క మెట్టు బిగించారు. ఆసుపత్రి గుమ్మం ఎదురుగానే ఆగుతుంది.

కానీ బస్సెక్కేవాళ్ళు లేరు. మొదలుపెట్టిన రోజున బజారు వాళ్ళు కొట్లు మూసి నల్లజెండాలు కట్టారు. బేరాలు పోతాయని వాళ్ళ భయం. కార్లున్న వాళ్ళు బజారు మొదట్లో పొద్దున గేటు వేసే వేళకి ముందే లోపలికి వచ్చేసి కూర్చుంటున్నారు, సాయంత్రం గేటు తీశాక పోతున్నారు. స్టాండులో గేదెలు పడుకుంటున్నాయి. నా బస్సుకి పిల్లలు దెయ్యాల బస్సని పేరు పెట్టారు. మనిషి కనపడకుండా తిరుగుతుందని. బస్సు ఖాళీగా పోతుంటే చూడలేక రోజూ పొద్దున ఆఫీసుకి పోయేటప్పుడు నేనే ఎక్కి కూర్చుంటున్నాను.

ఒక్క మంచి మాట చెప్తాను. కండక్టరు ఏసురత్నం అన్నాడు, "సార్, ప్రతి మంగళవారం ఒకావిడ వస్తారండి. పై ఊరి నించి టాక్సీలో వచ్చి, కారు స్టాండులో పెట్టించి, డ్రైవరుని వెంటబెట్టుకుని బస్సెక్కుతారు. ఒక్క మాటు కూడా విసుక్కోరు" అని. పేరడిగితే నవ్వి ఊరుకుందట. మొన్న కౌన్సిలు మీటింగులో అందరూ నామీద పడినప్పుడు ఆవిడ గురించే చెప్పాను. ఎక్కడి నించో వచ్చే ఆడమనిషి పాటించగా లేనిది, ఊళ్ళో ఉన్న పెద్దమనుషులకి ఏం అడ్డం వచ్చిందన్నాను. ఆవిడెవరో గాని, ఆ పూట నా పరువు నిలబెట్టింది.

ప్రమీల కులాసా. దాని గురించి బెంగ పెట్టుకోకు.

జగన్నాథం


తిరువూరు
మే 1974

చిరంజీవి జగన్నాథానికి,

పందిరి వేయించావు, చెక్క మెట్టు పెట్టించావు. సంతోషం నాయనా. నా మాట విని చేశావు చూడు, అది చాలు.

ఆ మంగళవారం మనిషి సంగతి రాశావు. ఆవిడని మీ మీటింగుల్లోకి లాగకు. ఏ పని మీద వస్తోందో, నలుగురికీ చెప్పుకోలేని పని కావచ్చు. ఆవిడ పాటికి ఆవిడని వచ్చి పోనీ. బస్సు నచ్చబట్టే ఎక్కుతోందని మాత్రం నమ్ము. అది చాలదా నీకు?

ప్రమీలకి ఏడో నెల వచ్చి ఉంటుంది. చలిమిడి చేసి పంపిస్తానని మార్చి నించి రాస్తున్నాను, నువ్వు ఆ మాటే ఎత్తడం లేదు. పాత నేత చీరలు చించి బొంతలు కుట్టాను. నా పెళ్ళినాటి చీర కూడా ఒకటి ఉంది అందులో. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. ఎవరైనా అటు వచ్చేవాళ్ళుంటే ఇచ్చి పంపిస్తాను. ప్రమీల చేత ఒక్క ముక్క రాయించు. దాని అక్షరం చూసి చాలా రోజులైంది.

కాయ కోతకొచ్చింది. ఈ ఏడు నేను తోటకి పోలేదు, కాపు మొత్తం గుత్తకి ఇచ్చేశాను.

అక్క


పట్నం
జూన్ 1974

అక్కా,

నిన్న మంగళవారం. ఆ మనిషికి దండం పెట్టి, కౌన్సిలర్ల ముందుకొచ్చి ఓ మాట చెప్పగలరా అని అడుగుదామని ఆసుపత్రి స్టాపు దగ్గరికి వెళ్ళాను. నువ్వు వద్దన్నా వెళ్ళాను. సోడా కొట్టు నీడలో నిలబడ్డాను. బస్సు ఆగింది. ముందు ఖాదర్‌బాషా అన్న దిగాడు. అప్పటికీ నాకేం తట్టలేదు, ఎవరినో కిరాయికి తీసుకొచ్చాడనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకుని నువ్వు దిగావు.

ఎంత చిక్కిపోయావక్కా. ఎడం చెయ్యి కొంగు కింద దాచుకున్నావు, అయినా వాపు కనిపిస్తూనే ఉంది. నువ్వు దిగినదాకా ఏసురత్నం డ్రైవరుని కదలనివ్వలేదు.

నేను ముందుకు రాలేదు. నాలుగడుగులు వేస్తే నీ దగ్గరుండేవాణ్ణి. కానీ నన్ను చూడగానే నువ్వు ప్రమీల ఎలా ఉందని అడుగుతావు. ఏం చెప్పను? ప్రమీల కడుపు మార్చిలోనే పోయింది. ఆడపిల్ల. నేను ఆ పొద్దున స్టాండులో బెంచీలు దింపిస్తున్నాను, పక్కింటివాళ్ళు కబురు చేశారు. నీకు రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. ఒక్కదానివి, ఈ మాట ఎవరితో చెప్పుకుని ఏడుస్తావని కాగితం పక్కన పెట్టేశాను. తరవాత నువ్వు చలిమిడి అన్నావు, బొంతలన్నావు. ఉత్తరం ఉత్తరానికీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ప్రమీల అప్పటి నించి నాతో కూడా సరిగ్గా మాట్లాడడం లేదు.

నువ్వు లోపలికి వెళ్ళాక ఖాదర్‌బాషా అన్నని పట్టుకున్నాను.

"ఎన్నాళ్ళ నించి?" అన్నాను.

"శివరాత్రి ముందు నించి బాబూ. రొమ్ములో గడ్డ. ముదిరిపోయింది, కోసినా లాభం లేదన్నారు. వారం వారం సూది వేస్తున్నారు."

"నాకు ఒక్క మాట చెప్పకూడదా అన్నా?"

"చెప్పొద్దని ప్రమాణం చేయించుకున్నారు. ఆ ఇంట్లో ఆడపిల్ల వట్టి మనిషి కాదు, ఈ జబ్బు మాట ఆ గుమ్మం తొక్కకూడదు అన్నారు."

నేను ఆయనకి ప్రమీల సంగతి చెప్పాను. ఇద్దరు మగవాళ్ళం నడిబజారులో ఏడ్చామక్కా.

రేపే పాసు రాయిస్తాను. నీ టాక్సీ ఆసుపత్రి గుమ్మం దాకా వస్తుంది. సంతకం నాదే, ఎవరినీ అడగక్కర్లేదు.

జగన్నాథం


తిరువూరు
జూన్ 1974

నాయనా జగన్నాథం,

ఆడపిల్ల అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయి, తరవాతది మర్నాటి దాకా చదవలేకపోయాను.

నీకు తెలియకూడదని నేనూ, నాకు తెలియకూడదని నువ్వూ. మధ్యలో ఆ పిల్ల ఒక్కతే మంచం మీద. ఏడుపొస్తే పట్టుకోడానికి ఆడదిక్కు లేకుండా పోయింది. మంగళవారం మంగళవారం నేను మీ ఊరు వస్తూనే ఉన్నాను. మీ వీధి అక్కడికి ఎంత దూరం? నాకు తెలిసి ఉంటే ఆ సూదీ వద్దు, ఏమీ వద్దు, దాని పక్కన కూర్చునేదాన్ని. నామీద నాకే కోపంగా ఉంది. నీమీద లేదు. కానీ మంగళవారాలు స్టాపు దగ్గరికి రాకు, ఈసారైనా నా మాట విను, నిన్ను చూస్తే ఆ సూదికి చెయ్యి చాపలేను.

ప్రమీలకి చెప్పు, వదిన అడిగిందని కాదు, వదినకి నువ్వు కావాలందని చెప్పు. రాగలిగితే తిరువూరు రమ్మను. ఇక్కడ దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

పాసు వద్దు. ఇదివరకు నేనొక్కదాన్నే ఎక్కేదాన్ని గాని, ఈ నెల నించి ఆ బస్సులో ఇంకా ఇద్దరు ముగ్గురు రోగులొస్తున్నారు. ఎ.కొండూరు హన్నమ్మ పక్షవాతం వచ్చిన మొగుణ్ణి తెస్తోంది. వాళ్ళ పాలేనికి పోయే రోడ్డు మన దారిలోనే, మా కారులోనే ఎక్కించుకుంటున్నాం. పెనుగొలను నించి ఇంకో కుర్రదాన్ని వాళ్ళ నాన్న తెస్తున్నాడు. వాళ్ళకి మునిసిపాలిటీలో తమ్ముళ్ళు లేరు. నా కారు పోతుంటే మిగతావాళ్ళు ఎండలో నిలబడి చూడాలా? రాస్తే అందరికీ రాయి. నాకొక్కదానికీ రాస్తే ఆ కాగితం ఖాదర్‌బాషా చేత వెనక్కి పంపిస్తాను.

అయినా నాకా బస్సు బాగానే ఉంది. కిటికీ పక్కన కూర్చుంటే గాలొస్తుంది. ఏసురత్నం నేను కూర్చున్నదాకా ఈల వెయ్యడు.

అక్క


పట్నం
ఆగస్టు 1974

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రోగుల్ని తెచ్చే కారు ఎవరిదైనా ఆసుపత్రి దాకా రానివ్వాలని కౌన్సిలుకి రాశాను. మిగతా పద్ధతి అలాగే ఉండాలన్నాను. నిన్న మీటింగు జరిగింది.

బట్టల కొట్టు కౌన్సిలరు ఒకాయన లేచి, "ఈ పథకంతో జనానికి ఇబ్బందని ఆఫీసరుగారే ఒప్పుకున్నారు కదా, ఇంకా దేనికి దీన్ని సాగదీయడం" అన్నాడు. ఇంకొకాయన, "మన ఇళ్ళల్లో రోగులున్నప్పుడు రూలు మారలేదు. ఆఫీసరుగారి అక్కగారికి జబ్బు చేసేసరికి మారుతోంది" అన్నాడు. ఎవరు చెప్పారో వాళ్ళకి. కొందరు నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. పాసు వద్దని నువ్వు రాసిన ఉత్తరం జేబులోనే ఉంది. దాన్ని తీసి వాళ్ళ ముందు చదవబుద్ధి కాలేదు.

పథకం మొత్తం రద్దు చేశారు. వచ్చే వారం నించి కార్లు ఎప్పుడైనా బజారులోకి రావచ్చు. స్టాండు లారీలకి ఇస్తారట. నన్ను అనంతపురం బదిలీ చేశారు.

ఇది కూడా రాయాలి. రాత్రి అన్నం దగ్గర ఇదంతా ప్రమీలకి చెప్పాను. విని, "నేను వదినగారి దగ్గరికి వెళ్తాను" అంది. ఇన్ని నెలల్లో తనంతట తను అన్న మొదటి మాట. ఖాదర్‌బాషా అన్న వచ్చి తీసుకెళ్తానన్నాడు. నేను ఇక్కడ పనులన్నీ అప్పజెప్పి, సెలవు మంజూరు కాగానే వస్తాను.

జగన్నాథం


తిరువూరు
ఆగస్టు 1974

చిరంజీవి జగన్నాథానికి,

కూర్చుని రాయలేక ప్రమీల చేత రాయిస్తున్నాను. ఇక్కడికి వచ్చిన మర్నాడు బొంతల మూట కనపడింది దానికి. విప్పి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఆ సాయంత్రం నా తల దువ్వింది.

మొన్న మంగళవారం కారు నేరుగా కోట బజారులోకి పోయింది. ఆసుపత్రి గుమ్మం దాకా పోవచ్చు కదా ఇప్పుడు. బంగారం కొట్ల దగ్గర ఇరుక్కుపోయాం. ముందు కార్లు, వెనక కార్లు, అందరూ హారన్లు కొట్టేవాళ్ళే. ఖాదర్‌బాషా దిగి ఎవరెవరినో బతిమాలాడు. లోపల నాకు ఊపిరాడలేదు. చివరికి దిగి నడిచాం, అటు ప్రమీల, ఇటు ఖాదర్‌బాషా. ఎలా చేరానో నాకు తెలియదు. నీ బస్సుంటే ఆ పూట అంత కష్టపడేదాన్ని కాదు. నిన్ను ఓదార్చడానికి అనడం లేదు, జరిగింది చెబుతున్నాను.

డాక్టరుగారు చూసి ఇక రానక్కర్లేదన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ప్రమీల ఇది రాయనంటోంది, రాయమన్నాను.

నీ సెలవు మంజూరయ్యేదాకా ఆగకు. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు.

అక్క సీతారావమ్మ
ఆవిడ చెప్పగా రాసింది, ప్రమీలారాణి


అనంతపురం
డిసెంబరు 1974

ఖాదర్‌బాషా అన్నకి జగన్నాథం నమస్కారాలు.

పైన కొట్టేసిన మాట చూసి ఏమనుకోవద్దు. ఉత్తరం రాయడానికి కూర్చుంటే చెయ్యి అలవాటుగా "అక్కయ్యకి" అని రాసేసింది.

ఇక్కడ ఇల్లు దొరికింది. ప్రమీల కొంచెం తేరుకుంది. అక్క ఎలా చేసేదో గుర్తు తెచ్చుకుంటూ మొన్న ఉసిరికాయ పచ్చడి పెట్టింది. నోట్లో పెట్టుకుని ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

మీకు తెలుసు, నేను వచ్చేసరికి అక్కకి మాట పడిపోయింది. పోయేదాకా పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను. నన్ను గుర్తుపట్టింది, కళ్ళు చెప్పాయి. కానీ ఒక్క మాట వినలేదు. ఉత్తరాల్లోని మాటలు తప్ప ఆ ఏడాదంతా ఆమె గొంతు నేను వినలేదు. మంగళవారాలు ఆమె ఏం మాట్లాడేదో ఎక్కువ తెలిసింది మీకే. వీలున్నప్పుడు రాయండి. చిన్న మాటైనా సరే.

జగన్నాథరావు


తిరువూరు
జనవరి 1975

జగన్నాథం బాబుకి ఖాదర్‌బాషా సలాములు. నా రాత అంత బాగోదు, కూడబలుక్కుని చదువుకోండి.

పోయేటప్పుడు అమ్మగారు పెద్దగా మాట్లాడేవారు కాదు బాబూ. కళ్ళు మూసుకుని కూర్చునేవారు. తోటల దగ్గరికి రాగానే కళ్ళు తెరిచి చూసేవారు. హన్నమ్మ ఎక్కాక దాని మొగుడికి దిండు సర్దమని నాకు చెప్పేవారు. వచ్చేటప్పుడు సూది మందుకి కడుపులో తిప్పేది. దారిలో రెండు మూడుసార్లు ఆపమనేవారు. దిగి, చెట్టు పట్టుకుని, నోరు కడుక్కుని, "పోదాం పద" అనేవారు.

స్టాండు దగ్గర మాత్రం బస్సు దిగాక వెంటనే కారెక్కేవారు కాదు. ఆ పందిరి కింద బెంచీ మీద కూర్చునేవారు. "పొద్దుపోతోంది అమ్మగారూ" అంటే, "ఉండు బాషా, ఇంకో కారు వస్తుందేమో చూసి పోదాం" అనేవారు. చాలా వారాలు ఎవరూ రాలేదు. గేదెల్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. తరవాత మెల్లగా లేచి, "వచ్చే వారం వస్తారులే" అనేవారు.

హన్నమ్మా వాళ్ళూ మాతో రావడం మొదలుపెట్టక ముందు, ఎండాకాలంలో ఒక రోజు తెల్ల ఫియట్ ఒకటి వచ్చింది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన దిగడమే కోపంగా దిగాడు, ఎవడు పెట్టాడో ఈ రూలు అంటూ. నేను పట్టుకునేలోపే అమ్మగారు లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. "పిల్లల్ని ఇటు నీడలోకి తీసుకురండమ్మా. బస్సు ఇప్పుడే వస్తుంది. కింద చెక్క మెట్టుంది, మెల్లగా ఎక్కండి. మా తమ్ముడే వేయించాడు" అన్నారు. నలుగురూ ఎక్కారు. పిల్లలు కిటికీలోంచి చేతులూపారు. ఈవిడ బస్సు మలుపు తిరిగినదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డారు.

ఆ తరవాత కారెక్కి ఒకటే మాటలు బాబూ. మీరు చిన్నప్పుడు అగ్గిపెట్టెలతో బజార్లు కట్టేవారట, అమ్మగారు చీపురు పెట్టి ఊడ్చేస్తే మళ్ళీ కట్టేవారట. అది చెప్పారు. ఆ పిల్లల మొహాలు చెప్పారు. తిరువూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. ఆ రోజు దారిలో ఒక్కసారి కూడా కారు ఆపమనలేదు.

ఖాదర్‌బాషా